నాన్న ఈసీజీ మీద "ఎల్ఏడీ" అని రాశారు, స్టెంట్ వేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది తణుకు దగ్గర పల్లెటూరు, నేను ఉద్యోగం వల్ల హైదరాబాద్‌లో ఉంటాను. మా నాన్నకి 61 ఏళ్ళు. కంట్లో శుక్లం ముదిరిందని ఆపరేషన్‌కి తీసుకెళ్తే ముందు ఫిట్‌నెస్ కావాలని ఈసీజీ తీశారు. దాని మీద పెన్నుతో "ఎల్ఏడీ" అని రాసి చుట్టూ సున్నా చుట్టి, హార్ట్ డాక్టర్‌కి చూపించుకుని అప్పుడు రండి అని పంపేశారు. పోయినేడాది మా మేనమామకి 49 ఏళ్ళకే హార్ట్ ఎటాక్ వచ్చి ఎల్ఏడీలోనే స్టెంట్ వేశారు, అందుకని ఆ మాట మా ఇంట్లో అందరికీ తెలుసు. మా బావ ఫ్యామిలీ గ్రూపులో "ఎల్ఏడీ అంటే విడో మేకర్, అంటే ఆడవాళ్ళని విధవల్ని చేసేది, లేట్ చెయ్యొద్దు" అని పెట్టాడు. అప్పట్నుంచీ అమ్మ అన్నం సరిగ్గా తినట్లేదు, నాన్నని పొలం వెళ్ళనివ్వట్లేదు, మేడ మెట్లు ఎక్కనివ్వట్లేదు. నాన్నకేమో నొప్పీ లేదు ఆయాసమూ లేదు. డైరెక్ట్‌గా యాంజియోగ్రామ్ చేయించేసి స్టెంట్ వేయించేద్దామా? ఈసీజీ, ఫిట్‌నెస్ కాగితం ఫోటోలు పంపిస్తున్నాను. నాన్న ఈసీజీ పాడవకుండా లామినేషన్ చేయిద్దామంటున్నాడు.

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారిని అన్నం తినమనండి. మీ మామయ్యకి స్టెంట్ వేసిన ఎల్ఏడీ వేరు, మీ నాన్నగారి కాగితం మీద రాసిన ఎల్ఏడీ వేరు. ఊళ్ళో ఇద్దరు సుబ్బారావులు ఉంటే ఒకాయనకి రావాల్సిన కోర్టు నోటీసు ఇంకొకాయన ఇంటికి వచ్చినట్టయ్యింది మీ పని. తప్పు మీది కాదు, మా డాక్టర్లదే. మూడక్షరాలు గీకేసి పంపిస్తాం, విప్పి చెప్పే తీరిక ఉండదు, ఇంటికెళ్ళి మీరు ఫోన్‌లో వెతుక్కుంటే మీ మామయ్య ఎల్ఏడీయే ముందు కనబడుతుంది ఎందుకంటే భయపెట్టేది అదే కదా.

మీ మామయ్యది లెఫ్ట్ యాంటీరియర్ డిసెండింగ్, అంటే గుండెకి రక్తం తీసుకెళ్ళే ఒక నాళం పేరు. మీ నాన్నగారిది లెఫ్ట్ యాక్సిస్ డీవియేషన్, అంటే గుండెలో కరెంటు నడిచే దిక్కు మామూలు కంటే కాస్త ఎడమకి వాలింది అని. ఒకటి శరీరంలో ఉండే వస్తువు, ఇంకోటి కాగితం మీద కొలిచిన ఒక కోణం. కోణానికి స్టెంట్ ఎవరూ వెయ్యలేరు.

ఎవరు ఏ ఎల్ఏడీ అంటున్నారో తెలుసుకోవడం కూడా తేలికే. ఈసీజీ కాగితం మీద ఆ మాట కనబడితే దాదాపుగా దిక్కు గురించే, యాంజియోగ్రామ్ రిపోర్టులోనో స్టెంట్ వేసిన డిశ్చార్జ్ షీట్‌లోనో కనబడితే నాళం గురించి, పక్కన ఇంత పర్సెంట్ అనో ప్రాక్సిమల్ (మొదట్లో), మిడ్ (మధ్యలో) అనో ఉంటుంది. పక్కన డిగ్రీలు ఉంటే కోణం, పర్సెంట్ ఉంటే నాళం. ఇంకా ఇలాంటివి మా దగ్గర బోలెడు, ఎస్టీ అంటే ఈసీజీలో ఒక గీత భాగం, అదే స్టెంట్ వేసేవాళ్ళ నోట్లో ఎస్టీ అంటే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టడం, పీడీఏ అని పసిపిల్లల డాక్టరు అంటే ఒకటి, యాంజియో చేసే డాక్టరు అంటే ఇంకోటి. మాలో మేమే ఒక్కోసారి తికమకపడి ఫోన్ చేసి అడుగుతాం.

సరే దిక్కు సంగతి చూద్దాం. మీరు పంపిన ఫోటోలో పైన ఎడమ మూలన చిన్నక్షరాల్లో మెషీనే ప్రింట్ చేసిన వరస ఉంది చూడండి, యాక్సిస్ అని రాసి మూడు నంబర్లు, మధ్యది మైనస్ 38. ఆ మధ్యదే మనకి కావాల్సింది. పెద్దవాళ్ళలో అది మైనస్ 30 నుంచి ప్లస్ 90 డిగ్రీల మధ్య ఎక్కడున్నా మామూలే. మైనస్ 30 దాటి మైనస్ 90 దాకా పోతే దానికి ఎల్ఏడీ అని పేరు పెడతారు. మీ నాన్నగారు గీత దాటింది ఎనిమిది డిగ్రీలు.

అసలు ఈ దిక్కేంటంటే, తిరునాళ్ళలో ఎత్తుగా కట్టిన జెండా ఎటు ఎగురుతోందో చూసి గాలి ఎటు వీస్తోందో చెప్తాం కదా, అలాగే గుండె కొట్టుకున్న ప్రతిసారీ పుట్టే కరెంటు మొత్తం మీద ఎటు పోతోందో చేతులకీ కాళ్ళకీ క్లిప్పులు పెట్టి చూస్తారు. మొదట్లో, అంటే ఐన్‌థోవెన్ అనే డచ్చాయన ఈ పద్ధతి కనిపెట్టిన కొత్తల్లో క్లిప్పులు కూడా లేవు, మనిషిని కూర్చోబెట్టి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టించేవాళ్ళు, ఆ పనికే ఆయనకి 1924లో నోబెల్ వచ్చింది. మామూలుగా ఆ కరెంటు కిందకీ ఎడమకీ పోతుంది ఎందుకంటే ఎడమ జఠరిక, అంటే ఒంటికంతా రక్తం పంపే గుండె కింది గది, దాని కండ మందం. చేతిలో కాగితం ఉంటే మీరే చూడొచ్చు: లీడ్ వన్ అని రాసినచోట ఎత్తైన ముల్లు పైకి ఉంది, ఏవీఎఫ్ దగ్గర కిందకి ఉంది, లీడ్ టూ దగ్గర కూడా పైకి కన్నా కిందకే ఎక్కువ ఉంది. ఈ మూడూ కలిస్తే ఎడమకి వాలినట్టు. దీనికి మెషీన్ కూడా అక్కర్లేదు.

ఎందుకు వాలుతుంది అంటే కారణాలు చాలా ఉన్నాయి, అందులో కొన్ని అసలు జబ్బులే కావు. వయసు పెరిగేకొద్దీ కొంచెం కొంచెం ఎడమకి జరుగుతుంది. పొట్ట బాగా ఉన్నవాళ్ళకి కింద నుంచి తోసినట్టై గుండె అడ్డంగా పడుకుంటుంది, దానివల్ల కూడా కాస్త జరుగుతుంది. ఏళ్ళ తరబడి బీపీ ఉంటే ఎడమ జఠరిక కండ దళసరిగా అయ్యి అటు లాగొచ్చు. కరెంటు తీసుకెళ్ళే తీగల్లో ఎడమవైపు ముందర సన్న కొమ్మ ఒకటుంటుంది, అది మొరాయిస్తే కోణం సాధారణంగా మైనస్ 45 కూడా దాటిపోతుంది. ఎప్పుడో తెలియకుండా గుండె కింది భాగానికి ఎటాక్ వచ్చి పోయినా ఎడమకి వాలినట్టు కనబడుతుంది, కానీ అప్పుడు లీడ్ టూ, త్రీ, ఏవీఎఫ్‌లలో క్యూ అని లోతైన గుంట ఉండాలి. మీ నాన్నగారి ఫోటోలో నాకు ఆ గుంట కనబడలేదు, ముల్లు వెడల్పు కూడా మామూలుగానే ఉంది కాబట్టి లెఫ్ట్ బండిల్ బ్లాక్, అంటే ఎడమవైపు కరెంటు తీగ మొత్తం ఆగిపోవడం, అది కూడా అనిపించట్లేదు. ఫోన్‌లో తీసిన ఫోటో, పైగా ట్యూబ్‌లైట్ మెరుపు పడింది, అందుకని ఇదే ఫైనల్ అనుకోవద్దు, అసలు కాగితం చేతిలో పట్టుకుని ఒక డాక్టరు చూడాల్సిందే. క్లిప్పులు తారుమారైనా కోణం మారిపోతుంది. రద్దీలో ఎడం చేతి పసుపు క్లిప్పు, ఎడం కాలి ఆకుపచ్చ క్లిప్పు అటూ ఇటూ అయిన కేసులు నేను చూశాను, ఇంకోసారి తీయిస్తే తేలిపోతుంది.

ఇప్పుడు ఆ రెండో ఎల్ఏడీ, అంటే నాళం. మీది గోదావరి డెల్టా కాబట్టి మీకు చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు పెద్ద కాలువలోకి వదిలితే ఆ కాలువ చీలి చీలి శివారు పొలం దాకా పోతుంది కదా. గుండెకి కూడా అంతే, ఎడమవైపు లెఫ్ట్ మెయిన్ అని ఒక మొదలు కాలువ, పొట్టిగా ఉంటుంది, అది రెండుగా చీలుతుంది, అందులో గుండె ముందు వైపున కిందకి దిగేది ఎల్ఏడీ. ఎడమ జఠరిక ముందు గోడకీ, మధ్య గోడలో చాలా భాగానికీ నీళ్ళు అదే పెడుతుంది. లాకు దగ్గరే తూము మూసుకుపోతే ఆయకట్టు మొత్తం ఎండుతుంది, శివార్లో పిల్ల కాలువ పూడితే నాలుగెకరాలు పోతాయి. అందుకే ప్రాక్సిమల్ ఎల్ఏడీ, అంటే మొదట్లోనే, ఒక్కసారిగా పూర్తిగా మూసుకుపోతే దానికి విడో మేకర్ అని పేరొచ్చింది. మీ బావగారు పెట్టిన మాట తప్పు కాదు, దాన్ని మీ నాన్నగారికి తగిలించడమే తప్పు.

దీని కథ కూడా చిన్నగా చెప్తాను. ఛాతీ కొయ్యకుండా, మెలకువగా ఉన్న మనిషి గుండె నాళంలోకి బెలూన్ పంపి ఉబ్బించి బ్లాక్ తెరిచిన మొట్టమొదటి కేసు 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో జరిగింది, చేసింది ఆండ్రియాస్ గ్రుంట్జిగ్, పేషెంటుకి 38 ఏళ్ళు, నాళం ఇదే ఎల్ఏడీ. పదేళ్ళ తర్వాత మళ్ళీ యాంజియో చేసి చూస్తే అది తెరుచుకునే ఉంది. అందరికీ అలా జరగలేదు, బెలూన్ తీసేశాక కొందరికి మళ్ళీ ముడుచుకుపోయేది, అందుకే 1986లో లోపల జాలీలా నిలబెట్టే స్టెంట్ వచ్చింది. మన హైదరాబాద్‌లో కార్డియాలజిస్ట్ సోమరాజు గారూ అబ్దుల్ కలాం గారూ కలిసి 1998లో తక్కువ ధరకి చేసిన స్టెంట్‌కి కలాం-రాజు స్టెంట్ అనే పేరు మీరు వినే ఉంటారు. తర్వాత 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంట్‌కి 29,600 రూపాయలని సీలింగ్ పెట్టింది, అప్పటిదాకా లక్ష పైన వసూలు చేసేవాళ్ళు. ఇదంతా ఎందుకంటే, స్టెంట్ చవకైంది కదా వేయించేస్తే పోలా అనే ఆలోచన ఈమధ్య బాగా పెరిగింది. స్టెంట్ టీకా కాదమ్మా. బ్లాక్ లేని నాళంలో వేసే ఇనప ముక్క లాభం చెయ్యదు, పైగా నెలల తరబడి రక్తం పలచన చేసే రెండు రకాల మాత్రలు వాడాలి. మీ మామయ్య కూడా వాడుతూ ఉంటారు, పన్ను పీకించుకోవాలనో ఇంకెవరో చెప్పారనో ఆయన వాటిని సొంతంగా ఆపెయ్యకుండా చూడండి, ఇందాక చెప్పిన రెండో ఎస్టీ, అంటే స్టెంట్‌లో గడ్డకట్టడం, ఎక్కువగా అలాంటప్పుడే జరుగుతుంది.

ఇంకోటి. ఎల్ఏడీ నాళంలో తేడా ఉంటే ఈసీజీలో తెలియదా అంటే తెలుస్తుంది, కానీ ఆ కోణంలో కాదు. ఛాతీ మీద వరసగా అంటించే లీడ్లలో, వీ1 నుంచి వీ4 దాకా చూస్తాం. ఎటాక్ నడుస్తుంటే అక్కడ గీత పైకి లేస్తుంది. ఎటాక్ రాబోయే ముందు కొందరికి వీ2, వీ3లలో టీ అనే అల లోతుగా తలకిందులవుతుంది, దాన్ని 1982లో వెలెన్స్ అనే గుండె డాక్టరు బృందం గుర్తించింది, అది కనబడితే మాత్రం నొప్పి లేకపోయినా ఇంటికి పంపం. మీ నాన్నగారికి అక్కడ శుభ్రంగానే కనబడుతోంది. రెండు ఎల్ఏడీలకీ చుట్టరికం అసలే లేదని కూడా అనను, ఇందాక చెప్పిన కరెంటు కొమ్మకి రక్తం పెట్టేది ఎల్ఏడీ నుంచి పోయే చిన్న పాయలే, అందుకని ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి నిన్నటి దాకా లేని వాలు ఈ రోజు కొత్తగా కనబడితే మేం చెవులు నిక్కబొడుచుకుంటాం. నొప్పే లేని మనిషికి కంటి ఆపరేషన్ ముందు ఎనిమిది డిగ్రీలు కనబడితే పాత ఈసీజీ ఉందా అని అడుగుతాం. ఉందా? నాలుగైదేళ్ళ కిందటిది ఏ బీరువాలోనో ఉంటే వెతకండి, అప్పుడూ అలాగే ఉంటే సగం భయం అక్కడే పోతుంది.

నా దగ్గరికి ఒకసారి లారీలున్న ఒకాయన వచ్చాడు, ఇలాగే ఈసీజీ మీద ఎల్ఏడీ అని రాసి ఉంది, కుర్చీలో కూర్చోకుండానే సంచిలోంచి నోట్ల కట్ట తీసి టేబుల్ మీద పెట్టి "ఎన్ని స్టెంట్లండీ" అన్నాడు. ఎకో, అంటే గుండె స్కానింగ్, చేస్తే గుండె దిట్టంగా ఉంది, ట్రెడ్‌మిల్ మీద నాకంటే బాగా నడిచాడు. అదే నెలలో ఇంకొకాయన, టీచరు, పొద్దున్న గ్యాస్ పట్టేసిందని వస్తే ఈసీజీ నార్మల్, కోణం నార్మల్, నేనే ఒకటికి రెండుసార్లు చూశాను, అయినా చెమట చూసి అనుమానమొచ్చి కూర్చోబెట్టి గంటకి మళ్ళీ తీస్తే వీ2 వీ3 లేచి ఉన్నాయి. ఎల్ఏడీ మొదట్లో బ్లాక్. కాగితం మీద ఎల్ఏడీ అని ఉన్నాయనకి ఎల్ఏడీ బాగుంది, లేనాయనకి మూసుకుపోయింది. కాగితం చూసి ధైర్యం తెచ్చుకోవడమూ అంత మంచిది కాదు అని ఆయన దగ్గర నేర్చుకున్నాను.

ఇప్పుడు నేను అసలు రాద్దామని కూర్చున్న విషయానికి వస్తాను. మీరు రెండో ఫోటో కూడా పంపారు కదా, ఫిట్‌నెస్ కాగితం. దాని కింద వరసలో నర్సు రాసింది చదివారా? బీపీ 164/98. దానికి సున్నా ఎవరూ చుట్టలేదు, మీ గ్రూపులో కూడా దాని ఊసే లేదు. అందులోనే పాత మందులు అనే చోట "బీపీ మాత్ర, అప్పుడప్పుడు" అని ఉంది. చుట్ట, మానేసి మూడేళ్ళు అని ఉంది. నాకు భయం వేసింది ఆ మూడక్షరాలు చూసి కాదమ్మా, ఈ "అప్పుడప్పుడు" చూసి. తల తిరిగినప్పుడు వేసుకోవడం, మాత్రలు అయిపోతే మళ్ళీ టౌనుకి వెళ్ళేదాకా ఆగడం, మన ఊళ్ళల్లో మగాళ్ళందరిదీ ఇదే వరస. ఆ కోణం ఎడమకి వాలడానికి బహుశా కారణం కూడా అదే అయ్యుంటుంది, ఏళ్ళ తరబడి ఎదురు ఒత్తిడి మీద పంపు కొట్టి కొట్టి కండ దళసరెక్కితే ఇలా కనబడొచ్చు.

కాబట్టి ఏం చెయ్యాలంటే, ముందు దగ్గర్లో ఉన్న ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఆ ఈసీజీ ఇంకోసారి తీయించి, టూడీ ఎకో చేయించండి. ఎకోలో కండ మందం, గోడల కదలిక, కవాటాలు తెలుస్తాయి. చాలామంది ఎకో నార్మల్ అంటే బ్లాకులు లేవు అనుకుంటారు, నాళం లోపలి బ్లాక్ ఎకోలో కనబడదు, అది గుర్తుపెట్టుకోండి. షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీల కోసం క్రియాటినిన్ చేయించండి. బీపీ మాత్ర రోజూ ఒకే టైముకి, పొద్దున్నే కాఫీ తాగే గ్లాసు పక్కన పెడితే మర్చిపోరు. నడకలో ఛాతీ బిగుతు, ఎడం చెయ్యో దవడో లాగడం, కొత్తగా ఆయాసం లాంటివి ఉన్నాయా అని మీరు కాదు, డాక్టరు అడగాలి, ఎందుకంటే కూతురు అడిగితే ఏ నాన్నైనా ఏం లేదనే చెప్తాడు. అలాంటివి ఉంటే ట్రెడ్‌మిల్ పరీక్షో సీటీ యాంజియోనో ఆయన చెప్తారు, వాటిలో తేడా వస్తే అప్పుడు చేతి మణికట్టు నుంచి చేసే మామూలు యాంజియోగ్రామ్. ఒట్టి యాక్సిస్ వాలింది అని నేరుగా యాంజియోకి పంపే డాక్టరు దొరికితే ఇంకో డాక్టర్ని కూడా అడగండి.

పొలం మాన్పించడం, మెట్లు ఎక్కనివ్వకపోవడం ఆపెయ్యండి. ఏ ఇబ్బందీ లేని మనిషిని మంచాన పడేస్తే బీపీ ఇంకాస్త పెరుగుతుంది, బుర్ర పాడవుతుంది. ఎకో చూసేదాకా బస్తాలు మొయ్యకుండా ఉంటే చాలు. కంటి ఆపరేషన్ కూడా వదిలెయ్యొద్దు, శుక్లం ఆపరేషన్ గుండెకి పెద్ద బరువేమీ కాదు, కంటి దగ్గరే మత్తిచ్చి చేసేస్తారు, దిక్కు వాలిందని ఆపాల్సిన పని లేదు, బీపీ అదుపులోకి రాగానే చేయించొచ్చు. కళ్ళు కనబడక గట్టు మీద పడితే అది ఇంకో గొడవ.

ఒకవేళ ఎప్పుడైనా ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, పావుగంటైనా తగ్గకపోతే గ్యాస్ అని సోడా తాగి పడుకోనివ్వకండి, బండి వెనకాల కూర్చోబెట్టుకుని వెళ్ళకండి, 108కి ఫోన్ చెయ్యండి. ఇది మీ నాన్నగారికే కాదు, ఇంట్లో ఎవరికైనా.

ఇంట్లో ఎవరికైనా అన్నాను కాబట్టి ఇంకో మాట. మీ మామయ్యకి 49కే వచ్చింది అన్నారు. ఆయన మీ అమ్మగారి తోడబుట్టినవాడు, మీ నాన్నగారికి బావమరిది, ఈయనకీ ఆయనకీ రక్తసంబంధం లేదు. అంటే మీ ఇంట్లో గుండె జబ్బు వంశపారంపర్యం అని లెక్క వెయ్యాల్సింది అన్నం మానేసి కూర్చున్న మీ అమ్మగారికి. సొంత అన్నకో తమ్ముడికో 55 లోపు వచ్చిందంటే మేం దాన్ని లెక్కలోకి తీసుకుంటాం. ఆవిడకి ఎప్పుడైనా బీపీ చూశారా, కొలెస్ట్రాల్, షుగర్ చేయించారా? నాన్నగారిని తీసుకెళ్ళిన రోజే ఆవిడ్ని కూడా పక్క కుర్చీలో కూర్చోబెట్టి చేయించండి, నాకెందుకే అంటారు, వినకండి. ఆడవాళ్ళకి నొప్పి బదులు ఒట్టి నీరసం, ఆయాసం, వీపు నొప్పి లాగా రావడం కూడా ఉంది, వంటింట్లో పని ఎక్కువైందిలే అని సరిపెట్టేసుకుంటారు.

చివర్లో మీరు "నాన్న ఈసీజీ పాడవకుండా లామినేషన్ చేయిద్దామంటున్నాడు" అని రాశారు. వద్దు. అది వేడికి నల్లబడే కాగితం, లామినేషన్ మెషీన్‌లో పెడితే మొత్తం నల్లగా అయిపోయి బయటకొస్తుంది, ప్లాస్టిక్ కవర్లో ఏళ్ళు ఉంచినా వెలిసిపోతుంది. రెండు జిరాక్సులు తీయించి తేదీ వేసి పెట్టండి, ట్యూబ్‌లైట్ కింద కాకుండా కిటికీ దగ్గర నిలబడి ఇంకో ఫోటో తీసి పంపండి, ఎకో రిపోర్టు వచ్చాక రెండూ కలిపి చూస్తాను.